పనిలో చదువు: ఒక వాక్యానికి ప్రతిపద వ్యాఖ్య

అవతారిక

ఉదయం ఏడింటికి హైదరాబాద్‌లోని రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్లు దిగే జనంలో అందరి మెడల్లోనూ ఐడీ కార్డులే. కొందరు మైండ్‌స్పేస్ ఆఫీసుల వైపు నడుస్తారు, కొందరు అదే దారిలోని ఆసుపత్రుల వైపు. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాడు మాదాపూర్ పేరు చెబితే కంప్యూటర్లే గుర్తొచ్చేవి. ఇవాళ గచ్చిబౌలిలో, కొండాపూర్‌లో, నానక్‌రామ్‌గూడలో ఎటు చూసినా ఆసుపత్రి బోర్డులు కూడా కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ అమ్మాయి, నర్సు అమ్మాయి ఒకే హాస్టల్లో పక్కపక్క మంచాల మీద పడుకుంటారు.

ఉద్యోగంలో చేరిన మొదటి నెల మాత్రం ఇద్దరికీ ఒకేలా గడవదు. కొత్త ఇంజనీరుకు కంపెనీ జీతమిచ్చి మరీ నేర్పుతుంది. పాతవారు పని వివరించి అప్పగించడాన్ని ‘కేటీ’ అంటారు, పక్కన కూర్చుని గమనించడాన్ని ‘షాడోయింగ్’ అంటారు. ఆ గంటలన్నీ పనిగంటలే. నర్సుకు కొన్ని ఆసుపత్రులు పద్ధతిగా నేర్పుతాయి. ఇంకొన్నిచోట్ల యూనిఫాం వేసుకున్న కొద్ది రోజులకే మంచాలు అప్పగిస్తారు. కోడ్‌లో తప్పు దొర్లితే పాత వెర్షన్‌కు పోవచ్చు. నరంలోకి వెళ్లిన మందును వెనక్కి తీయలేం.

ఈ తేడా నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. ఇంగ్లీషులో ‘వర్క్ బేస్డ్ లెర్నింగ్’ అనేదాన్ని ‘పనిలో చదువు’ అని పిలుచుకుని, దాని లక్షణాన్ని ఒక్క వాక్యంలో కూర్చుకున్నాను. మన వ్యాఖ్యాతలు పద్యాన్ని పదం పదంగా విప్పి చెప్పినట్టు, ఆ వాక్యాన్ని ఇక్కడ విప్పుతున్నాను.

మూలం

వైద్యసేవలో ఉన్నవారు, రోగి పక్కన, అనుభవజ్ఞుల కనుసన్నల్లో, తమ చేతులతో చేస్తూ, చేసినదాన్ని తరచి చూసుకుంటూ, పొరపాటును దాచకుండా, కొలతకు నిలిచేలా నేర్చుకునేదే పనిలో చదువు.

వైద్యసేవలో ఉన్నవారు

‘డాక్టర్లు’ అని ఊరుకోకుండా ఇంత పొడుగు మాట వాడటానికి కారణముంది. ఆసుపత్రిలో రోగి గడిపే రోజులో డాక్టరు దగ్గరుండేది కాసేపే. మిగతా సమయమంతా అతని మంచి చెడ్డలు నర్సుల చేతుల్లో, ల్యాబ్ టెక్నీషియన్ల చేతుల్లో, ఫిజియోథెరపిస్టుల చేతుల్లో, ఆయాల చేతుల్లో ఉంటాయి. వీరిలో అనేక వృత్తులకు విద్యా ప్రమాణాలను నిర్ణయించే జాతీయ చట్టం 2021లో గానీ రాలేదు. ‘అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్’ కమిషన్‌ను ఏర్పరచింది ఆ చట్టమే. అంతవరకూ ‘పారామెడికల్’ అనే ఒక్క మాట కింద అందరినీ కలిపేసి చూశాం.

ఆ మాట కింద ఉన్నవారు ఎంత నేర్చుకోగలరో మన ఊరే చూపించింది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ప్రారంభించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఇంటర్మీడియట్ పూర్తిచేసిన పల్లెటూరి యువతీ యువకులను తీసుకుని ఏడాది పాటు శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా తయారు చేసింది. సుమారు 50,000 మంది జనాభాకు ఒక విజన్ సెంటర్ అని లెక్క. అక్కడ కూర్చున్న ఆ అమ్మాయి చూపు పరీక్షిస్తుంది, కళ్లద్దాలు రాస్తుంది, జబ్బును పసిగట్టి పై ఆసుపత్రికి పంపుతుంది. తన ఊరివాళ్ల కళ్లు చూసే పని తన ఊళ్లోనే చేస్తుంది. పనిలో చదువు ఎవరికి అన్న ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన జవాబు నాకు తెలియదు.

రోగి పక్కన

ఇది స్థలాన్ని చెప్పే మాట. పంతొమ్మిదో శతాబ్దం చివర జాన్స్ హాప్కిన్స్‌లో విలియం ఓస్లర్ విద్యార్థులను ఉపన్యాసశాల నుంచి వార్డులోకి నడిపించాడని వైద్యలోకం తలచుకుంటుంది. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లోనూ అలాంటి చదువు సాగింది. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్‌ను డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపిన కాలంలో మత్తుమందు క్లోరోఫాం మీద ఇక్కడ జరిగిన పరిశీలనలు, 1888, 1889 సంవత్సరాల క్లోరోఫాం కమిషన్లు ప్రపంచమంతా చర్చకు వచ్చాయి. ఆ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ శస్త్రచికిత్సలకు క్లోరోఫాం ఇవ్వడం అక్కడే నేర్చుకుని, తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరిగా చరిత్రలో నిలిచారు. మత్తు ఎంత దిగిందో పుస్తకం చెప్పదు. పక్కన నిలబడి ఆ శ్వాసను గమనించినవారికే తెలుస్తుంది.

మరి ఇవాళ? 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రతి డాక్టరూ అయిదేళ్లలో 30 గంటలైనా నిరంతర వైద్యవిద్యలో పాల్గొనాలంది. ఆ గంటలు ఎక్కువగా సమావేశ మందిరాల్లో పూర్తవుతాయి. మాదాపూర్‌లోని హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో పెద్ద వైద్య సదస్సులు జరుగుతుంటాయి. అక్కడ కొత్త సంగతులు వినడం అవసరమే, కాదనను. విన్నదాన్ని మర్నాడు ఐసీయూలో ఒక మనిషికి అన్వయించి చూడటం మరో మెట్టు. ఆ మెట్టుకు ఏ హాజరు పట్టీలోనూ చోటు లేదు. డీఎన్‌బీ అనే పీజీ వైద్యవిద్య ఈ విషయంలో కొంత నయం. గుర్తింపు పొందిన ఆసుపత్రే అక్కడ కాలేజీ. ఈ ఐటీ కారిడార్‌లోని ప్రైవేటు ఆసుపత్రుల్లో రెసిడెంట్ డాక్టర్లు కనిపించేది అందుకే.

అనుభవజ్ఞుల కనుసన్నల్లో

సంజ్ఞకు వికృతి సన్న. కనుసన్న అంటే కంటితో చేసే సైగ. చూస్తూ ఉండటం ఒక్కటే దీని అర్థం కాదు. చూసి, అవసరమైన క్షణాన సూచన ఇవ్వడం కూడా ఇందులో ఉంది. సీసీ కెమెరా చూస్తుంది గానీ సైగ చేయలేదు.

గచ్చిబౌలి ఆసుపత్రి ఒకదానిలో మా అమ్మ మంచం పక్కన నేనున్న రాత్రుల్లో ఈ మాటకు అర్థం కళ్లారా చూశాను. కొత్తగా చేరిన సిస్టర్ కాన్యులా పెట్టబోతోంది. అమ్మ చర్మం పలచన, నరాలు జారిపోతాయి. సీనియర్ సిస్టర్ చేయి కలపలేదు. పక్కనే నిలబడి, నెమ్మదిగా అంది: “కంటితో వెతకకమ్మా, వేలితో వెతుకు. కింద స్పంజిలా తగులుతుంది చూడు.” ఆ అమ్మాయి వేలు ఆగింది. సీనియర్ తల ఊపింది. ఒక్క గుచ్చుతోనే పని అయింది. తర్వాత బయట వరండాలో ఆ అమ్మాయి “అక్కా, మీరు లేకపోతే నా చేయి వణికేది” అంటుంటే విన్నాను. ఆ అక్క ఆ రాత్రి ఎన్ని మంచాలు చూసుకోవాల్సి ఉన్నా, రెండు నిమిషాలు ఆగింది. ఆ ఆగడమే గురుత్వం.

దూరం నుంచి కూడా కనుసన్న పనిచేస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సులో ఒక ఎమర్జెన్సీ టెక్నీషియన్, వాహనం నడిపే పైలట్ ఉంటారు. డాక్టరు ఉండరు. క్లిష్టమైన చోట టెక్నీషియన్ ఫోన్‌లో కేంద్రంలోని డాక్టరును అడిగి, ఆ సూచన ప్రకారం వైద్యం చేస్తారు. ప్రతి కాల్ ఒక ప్రాణరక్షణ, దాంతోపాటు ఒక పాఠం.

ఆసుపత్రుల్లో ఇలా నేర్పే సీనియర్‌ను ప్రిసెప్టర్ అంటారు. పేరు పెట్టినంత తేలిగ్గా సమయం ఇవ్వరు. ప్రిసెప్టర్‌కు కూడా మిగతావారితో సమానంగా మంచాలు అప్పగిస్తే కనుసన్న ఎటు తిరుగుతుంది? నేర్పేవారి చేతిలో రెండు మంచాలు తగ్గించడం నేర్చుకునేవారికి చేసే మొదటి మేలు.

తమ చేతులతో చేస్తూ

వ్యాకరణంలో ‘చేసి’ క్త్వార్థకం, ‘చేస్తూ’ శత్రర్థకం. ‘చేసి నేర్చుకున్నాడు’ అంటే పని ముందు, చదువు వెనక. ‘చేస్తూ నేర్చుకుంటాడు’ అంటే రెండూ ఒకే క్షణంలో. మూలవాక్యంలో శత్రర్థకాన్ని కావాలనే వాడాను.

అయితే చేతులతో చేయడానికి ముందు మెట్లున్నాయి. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ కొత్త పాఠ్యప్రణాళిక నైపుణ్యాన్ని నాలుగు దశలుగా చెప్పింది. మొదట ఒకరు చేసి చూపాలి, తర్వాత విద్యార్థి గమనించాలి, ఆపై సాయం పట్టాలి, చివరికి తానే చేయాలి. రోగి దేహం ప్రయోగశాల కాదు కాబట్టి మొదటి తప్పులు బొమ్మ మీద జరగాలి. సిమ్యులేషన్ ల్యాబుల్లో గుండె ఆగిన బొమ్మకు ఛాతీ నొక్కడం నేర్పేది అందుకే. కొత్తవారు తన మీద చేయి వేస్తున్నారని రోగికి తెలియజేసి, ఒప్పుకున్నాకే ముందుకు సాగాలి. ఈ నియమం తప్పితే పనిలో చదువు మనిషి మీద దౌర్జన్యం అవుతుంది.

ఈ మెట్లన్నీ ఎక్కిన గొప్ప ఉదాహరణ మంత్రసానితనం. ఒకప్పుడు ఊళ్లలో అది చేతి నుంచి చేతికి అందిన విద్య. తర్వాత ఆసుపత్రులు వచ్చి దాన్ని పక్కకు నెట్టాయి. 1948లో మొదలైన హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి, డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ నాయకత్వంలో 2011 నుంచి నర్సులకు వృత్తి మిడ్‌వైఫరీ నేర్పడం మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో 18 నెలల శిక్షణ ప్రారంభించింది. ప్రసవ గదిలోనే, తల్లి చెయ్యి పట్టుకుని, గంటల కొద్దీ ఓపికగా కనిపెట్టుకుని ఉండటం అక్కడ పాఠం. ఏడాది తిరిగేసరికి, 2018 డిసెంబరులో, కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ప్రకటించింది.

మన భాషలో ‘హస్తవాసి’ అనే మాటుంది. ‘ఆ డాక్టరుది మంచి హస్తవాసి’ అని జనం అన్నప్పుడు అది పుట్టుకతో వచ్చిన వరం అనుకుంటారు. నా నమ్మకం వేరు. వాసి అంటే నాణ్యత. అనేక వందలసార్లు, సరిదిద్దేవారి ముందు, శ్రద్ధగా చేసిన చేతికి అబ్బే నాణ్యత అది. గచ్చిబౌలిలోని ఏఐజీ ఆసుపత్రిలో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి బృందం దగ్గర ఎండోస్కోపీ నేర్చుకోవడానికి ఎన్నో దేశాల డాక్టర్లు వస్తారు. వాళ్లు పుస్తకాల కోసం అంత దూరం రారు. చేతికి వాసి పట్టించుకోవడానికి వస్తారు.

చేసినదాన్ని తరచి చూసుకుంటూ

తరచడం అంటే చిలకడం. పెరుగు కుండ నిండా ఉన్నా చిలికితేనే వెన్న వస్తుంది. అనుభవమూ అంతే. ఇరవై ఏళ్లు పనిచేసినవారందరికీ ఇరవై ఏళ్ల విద్య ఉండదు. కొందరిది ఒక ఏడాది అనుభవమే, ఇరవైసార్లు తిరిగి వచ్చి ఉంటుంది.

డొనాల్డ్ షోన్ 1983లో రాసిన పుస్తకంలో వృత్తినిపుణుల ఆలోచనను రెండుగా విడదీశాడు. పని జరుగుతుండగా వచ్చేది ఒకటి, పని ముగిశాక వచ్చేది రెండోది. నరం దొరకనప్పుడు వేలు ఆపి దిశ మార్చడం మొదటిది. షిఫ్టు ముగిశాక ‘ఆ పెద్దాయన శ్వాస మారిందని నేను ఎప్పుడు గమనించాను? అంతకు ముందే తెలియాల్సింది కదా?’ అని తలపోయడం రెండోది.

2020 ఏప్రిల్‌లో గచ్చిబౌలి స్టేడియం ఆవరణలోని ఎత్తైన భవనం 1,500 పడకల టిమ్స్ ఆసుపత్రిగా మారింది. కోవిడ్ మీద అప్పటికి ఏ పాఠ్యపుస్తకంలోనూ అధ్యాయం లేదు. రోగిని బోర్లా పడుకోబెట్టడం, ఆక్సిజన్ ప్రవాహాన్ని మార్చడం, పీపీఈ సూట్ విప్పేటప్పుడు ఏ అంచును ముందు తాకాలో తెలుసుకోవడం, ఇవన్నీ ప్రపంచమంతటా వైద్య సిబ్బంది పని మధ్యలో, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ నేర్చుకున్నవే. తరచి చూసుకునే అలవాటున్న వార్డు ఆ రోజుల్లో వేగంగా నేర్చుకుంది.

ఈ చిలకడానికి వార్డులో సహజంగా ఒక సమయం ఉంది. అది షిఫ్టులు మారే వేళ. హ్యాండోవర్ అంటే మందుల జాబితా చదివి వెళ్లిపోవడం కాదు. ‘ఈ రాత్రి ఏం జరిగింది, ఏది ఊహించలేదు, నువ్వు దేన్ని కనిపెట్టాలి’ అన్న మూడు ప్రశ్నలకు పదిహేను నిమిషాలిస్తే ప్రతిరోజూ రెండు తరగతులు నడిచినట్టు. గుండె ఆగిన రోగి కోసం అందరినీ పిలిచే ‘కోడ్ బ్లూ’ తర్వాత కూడా అంతే. అత్యవసర మందుల బండి (క్రాష్ కార్ట్) సర్దేలోపు అందరూ ఒక్కసారి గుండ్రంగా నిలబడి మాట్లాడుకోవాలి.

పొరపాటును దాచకుండా

మూలం మొత్తంలో నేరుగా వ్యతిరేకార్థం ఉన్న మాట ఇదొక్కటే. దాచడం మనిషి స్వభావం కాబట్టి దాన్ని పేరు పెట్టి వద్దనాల్సి వచ్చింది.

ఇక్కడ ఐటీ వీధి నుంచి నేర్చుకోదగ్గది ఉంది. సర్వర్ కుప్పకూలితే మంచి బృందాలు ‘ఎవరు చేశారు’ అని మొదలుపెట్టవు. ‘ఏ దారిన జరిగింది’ అని మూలకారణం వెతుకుతాయి. ఆసుపత్రిలో పేర్లు ఒకేలా వినిపించే రెండు మందులు ఒకే అరలో ఉంటే, రాత్రి మూడు గంటలకు అలసిన చేయి తప్పుదానిని అందుకోవచ్చు. ఇంజెక్షన్ ఇవ్వబోతూ గమనించి ఆగిన నర్సు ఆ సంగతి చెబితే అర మారుతుంది. చెబితే మెమో ఇస్తారని భయపడితే ఆ అర అలాగే ఉంటుంది, ఇంకో రాత్రి ఇంకో చేతి కోసం ఎదురుచూస్తూ.

పొరపాటు నుంచి వ్యవస్థ నేర్చుకుంటే ఏమవుతుందో లెక్కలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల చెక్‌లిస్ట్ విడుదల చేసింది. రోగి పేరు, శస్త్రచికిత్స చేసే చోటు, అలర్జీలు వంటివి గట్టిగా చదివి సరిచూసుకోవడమే అందులో పని. ఢిల్లీ సహా ఎనిమిది నగరాల్లో పరీక్షించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆ చెక్‌లిస్టులో నాకు నచ్చిన మరో సంగతి: కత్తి పట్టేముందు బృందమంతా తమ పేరు, తాము చేయబోయే పని చెప్పుకోవాలి. నోరు తెరిచి పేరు చెప్పిన నర్సు, తర్వాత ‘సార్, ఒక్క నిమిషం ఆగండి’ అనడానికి కూడా నోరు తెరవగలదు.

కొలతకు నిలిచేలా

తెలుగులో ‘కొలవడం’ అంటే లెక్క చూడటం, సేవించడం కూడా. వైద్యంలో ఆ రెండర్థాలూ కలిసే ఉండాలి.

జార్జ్ మిల్లర్ 1990లో ఈ కొలతకు నాలుగు అంతస్తుల గోపురం గీశాడు. తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపగలడు, నిజంగా చేస్తున్నాడు. మన పరీక్షలు ఎక్కువగా కింది రెండు అంతస్తుల్లో తిరుగుతాయి. పై అంతస్తును పని జరిగే చోటే కొలవాలి. సీనియర్ డాక్టరు పావుగంట పాటు రోగితో జూనియర్ మాట్లాడే తీరు, పరీక్షించే తీరు గమనించి, అప్పటికప్పుడు మంచి చెడ్డలు చెప్పే ‘మినీ-సీఈఎక్స్’ అనే పద్ధతి ఇప్పుడు మన వైద్యవిద్యలోకీ వస్తోంది. లాగ్ బుక్‌లో సంతకాలు నింపడం కన్నా అలాంటి పావుగంటలు పది ఉంటే విలువెక్కువ.

ఈ కారిడార్‌లోనే వేలాదిమంది లైఫ్ సైన్సెస్ పట్టభద్రులు మెడికల్ కోడర్లుగా పనిచేస్తున్నారు. అమెరికా రోగుల చార్టులు చదివి జబ్బులకు సంకేతాలు వేయడం వాళ్ల పని. 2015 అక్టోబరు 1న అమెరికా ఐసీడీ-10కు మారినప్పుడు జబ్బుల సంకేతాలు సుమారు 14,000 నుంచి దాదాపు 70,000కు పెరిగాయి. వాళ్లు ఆ మార్పును ఉద్యోగం చేస్తూనే నేర్చుకున్నారు. శిక్షణలో ఉన్న కోడర్ చేసిన చార్టును ఆడిటర్ సరిచూసి, తప్పు ఎక్కడో చూపిస్తాడు. కాగితం మీది రోగికి ఇంత జాగ్రత్త అందుతున్నప్పుడు మంచం మీది రోగికి అంతకన్నా ఎక్కువే అందాలి.

నేర్చుకునేదే

చివరి ఏకారం నిర్ధారణను చెబుతుంది. పైన చెప్పిన లక్షణాల్లో ఏ ఒక్కటి లోపించినా అది పని కావచ్చు, చాకిరీ కావచ్చు, చదువు మాత్రం కాదు. ట్రైనీ అని పేరు పెట్టి, సగం జీతమిచ్చి, నేర్పకుండా నిండు పని చేయించుకోవడాన్ని ఈ ఏకారం తోసిపుచ్చుతుంది.

పనిలో చదువు

బాలవ్యాకరణ సంప్రదాయంలో ‘అందు, న’ సప్తమీ విభక్తి ప్రత్యయాలు. ‘లో’ మాత్రం ‘యొక్క’తో కలిసి షష్ఠిలో చేరింది. షష్ఠి సంబంధాన్ని చెబుతుంది. మన పెద్దలు ‘లో’ను ‘యొక్క’ పక్కన కూర్చోబెట్టడం నాకు ఇక్కడ ఎంతో సాయం చేసింది. పనిలో చదువు అంటే పని జరిగే చోట జరిగే చదువు మాత్రమే కాదు, పనికి చెందిన చదువు. పని గంటలకు చెందినది, పని జీతానికి చెందినది, పని బాధ్యతకు చెందినది. డ్యూటీ దిగి, బస్సెక్కి, హాస్టల్ చేరి, కళ్లు మూతలు పడుతుంటే మొబైల్లో పూర్తి చేసే ఆన్‌లైన్ మాడ్యూల్‌కు ‘పని తర్వాత చదువు’ అని పేరు. దానికి ఈ షష్ఠి వర్తించదు.

తాత్పర్యం

వైద్యం చేసే ప్రతి చేతికీ మనిషి పక్కన నేర్చుకునే హక్కుంది. ఆ హక్కు నిలవాలంటే నేర్పే మనిషి, నేర్చుకునే సమయం, తప్పు చెప్పుకునే ధైర్యం, నిజాయతీగల కొలత ఉండాలి. వీటిలో ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. పక్క భవనాల్లో కొత్త ఇంజనీరుకు ఇవన్నీ పనిగంటల్లోనే అందుతున్నాయి కాబట్టి, ఈ వీధికి తెలియని విద్యా కాదు.

ప్రతి వార్డులో గోడకు డ్యూటీ చార్టు వేలాడుతుంది. అందులో మార్నింగ్, ఈవెనింగ్, నైట్, వీక్లీ ఆఫ్ అని గళ్లుంటాయి. వారంలో ఒక్క గంటకు ‘నేర్చుకోవడం’ అనే గడి, దాని పక్కన నేర్పే సీనియర్ పేరు చేరాలి. వచ్చే వారం చార్టు గీసే సిస్టర్ ఇన్‌చార్జి ఆ గడి కూడా గీస్తే, నేను ఇన్ని పేజీల్లో చేసిన వ్యాఖ్యకు ఆవిడ ఒక్క గీతతో అన్వయం చెప్పినట్టు.